ఓవర్‌డ్రైవా, ఫజ్జా: మీ యాంప్‌కి ఏది మేలు?

ఎలక్ట్రిక్ గిటార్‌కి ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ తీసుకోవాలా, బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్ తీసుకోవాలా అని అడిగేవాళ్లని ముందు ఒక ఎదురు ప్రశ్న అడగాలి. మీ యాంప్ ఇప్పుడు ఎలా మోగుతోంది? పూర్తిగా క్లీన్‌గానా, గట్టిగా మీటితే కాస్త గరగరలాడుతోందా, లేక ఇప్పటికే డిస్టార్షన్‌లో మునిగి ఉందా? ఒక యాంప్‌తో నిండుగా పాడే పెడల్ ఇంకో యాంప్‌తో చెవిలో జోరీగలా రొద పెడుతుంది. టోన్‌లో పెడల్ వాటా సగమే. మిగతా సగం గిటార్ నుంచి దానిలోకి ఏం వస్తోంది, దాని నుంచి ఎక్కడికి పోతోంది అన్నదాని మీద ఉంటుంది. ఈ సంగతి వదిలేసి పెడళ్లు మారుస్తూ పోతే టోన్ వేట ఎప్పటికీ తెగదు.

పోలికకి నాలుగు పెడళ్లు చాలు: ట్యూబ్ స్క్రీమర్, ర్యాట్, ఫజ్ ఫేస్, బిగ్ మఫ్. మార్కెట్లో కనిపించే వందల పేర్లలో చాలా భాగం వీటి పిల్లలో మనవలో.

ఓవర్‌డ్రైవ్ కుటుంబం

క్లిప్పింగ్ అంటే ధ్వని తరంగం తలని కత్తిరించడమే. ఓవర్‌డ్రైవ్ ఆ తలని గుండ్రంగా అరగదీస్తుంది, ఫజ్ రంపంతో అడ్డంగా కోసేస్తుంది. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ మోడళ్లు 1979లో వచ్చిన టీఎస్808లోనూ, 1982 నాటి టీఎస్9లోనూ రెండు సిలికాన్ డయోడ్లు ఆప్-యాంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్ దారిలో, అంటే అవుట్‌పుట్‌ని వెనక్కి తెచ్చే దారిలో, కూర్చుంటాయి. అందువల్ల ఎంత క్లిప్ అయినా అసలు సిగ్నల్ అడుగున అలాగే ప్రయాణిస్తూ ఉంటుంది. మీటులోని గట్టి, మెత్తన తేడాలు చెరిగిపోకపోవడానికి కారణం అదే.

ట్యూబ్ స్క్రీమర్ అనగానే అందరూ చెప్పే ఆ ‘మిడ్ మూపురం’ (మధ్య స్వరాలు ఉబ్బెత్తుగా వినిపించడం) రెండు జతల విడిభాగాల పని. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి 720 హెర్ట్జ్‌కి దిగువన గెయిన్‌ని, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదుని, తగ్గిస్తాయి. క్లిప్పింగ్ అయ్యాక 1 కిలో ఓమ్, 0.22 మైక్రోఫారడ్ జత ఇంచుమించు అదే చోటి నుంచి పైని స్వరాలని కోస్తుంది. అటు బేస్ పోయి, ఇటు ట్రెబుల్ పోయి, మధ్యలో మిగిలింది గిటార్ గొంతు. మిడ్స్ పల్లంగా ఉండే ఫెండర్ తరహా యాంప్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ చేసింది ఇదే: డ్రైవ్ తక్కువ, లెవల్ ఎక్కువ, తర్వాత గట్టిగా మోగే ఫెండర్ యాంప్. మిడ్స్ ముందే ఎత్తుగా ఉన్న మార్షల్ తరహా యాంప్ క్లీన్ ఛానల్లో మాత్రం అదే పెడల్ ముక్కుతో పాడినట్టు ఉంటుంది.

ఒక లెక్క గుర్తుంచుకోండి. డ్రైవ్ నాబ్‌ని సున్నాకి తిప్పినా ఫీడ్‌బ్యాక్‌లో 51 కిలో ఓమ్‌లు మిగిలే ఉంటాయి. 51ని 4.7తో భాగించి ఒకటి కలిపితే గెయిన్ దాదాపు 12 రెట్లు. మొత్తం తిప్పితే సుమారు 118 రెట్లు. కాబట్టి ఇది ఎన్నడూ పూర్తి క్లీన్ బూస్టర్ కాదు. అలాగే పూర్తి క్లీన్ యాంప్‌లోకి డ్రైవ్ అంతా పెంచి వాయిస్తే పలచగా, పెట్టెలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. దీని అసలు బలం ఇప్పటికే గరగరలాడుతున్న యాంప్‌ని ముందుకు తోయడం. డ్రైవ్ గడియారంలో 8 లేదా 9 గంటల దగ్గర, టోన్ 12 దగ్గర, లెవల్ 2 లేదా 3 దగ్గర పెట్టండి. హై గెయిన్ యాంప్‌లో లావు తీగలు ముద్దైపోతుంటే ఈ అమరికే బేస్‌ని కోసి రిఫ్‌లని బిగిస్తుంది.

టీఎస్808, టీఎస్9 మధ్య ప్రధాన తేడా అవుట్‌పుట్ దగ్గరి రెండు రెసిస్టర్లు. మొదటిదానిలో 100 ఓమ్, 10 కిలో ఓమ్, రెండోదానిలో 470 ఓమ్, 100 కిలో ఓమ్. దానికోసం పాతదాన్ని వెతికి ఎక్కువ డబ్బు పోయడం దండగ. చిప్ మీద ఏ అక్షరాలున్నాయో భూతద్దం పెట్టి చూడటం కూడా అంతే. టోన్ నాబ్‌ని రవ్వంత కదిపితే అంతకంటే పెద్ద మార్పు వస్తుంది.

బాస్ (Boss) సంస్థ ఎస్‌డీ-1 (1981) ట్యూబ్ స్క్రీమర్‌కి దగ్గరి చుట్టం. డయోడ్లు ఒక వైపు రెండు, మరో వైపు ఒకటి కాబట్టి తరంగం రెండు సగాలు వేర్వేరుగా తెగుతాయి, గరుకు కాస్త ఎక్కువ. అదే సంస్థ 1995లో తెచ్చిన బ్లూస్ డ్రైవర్ దారి వేరు. గెయిన్ దశలు విడి ట్రాన్సిస్టర్లతో ఉంటాయి, బేస్ కోత తక్కువ, గిటార్ వాల్యూమ్ తగ్గించగానే శుభ్రపడుతుంది. పూర్తి క్లీన్ యాంప్ మాత్రమే ఉన్నవాళ్లకి ట్యూబ్ స్క్రీమర్ కంటే ఇదే మేలు. కాకపోతే గెయిన్ 2 గంటలు దాటితే పైన ఇసుక రాలినట్టు ఉంటుంది. క్లాన్ సెంటార్ (1994) అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ గురించి కథలు చాలా ఉన్నాయి. క్లీన్ సిగ్నల్‌ని పక్కదారిలో కలపడం దాని తెలివి, ఆ సర్క్యూట్‌ని అనుసరించే పెడళ్లు ఇప్పుడు కావలసినన్ని దొరుకుతాయి.

మధ్యలో ర్యాట్

1970ల చివర్లో పుట్టిన ప్రోకో ర్యాట్ ఈ గట్టుకీ ఆ గట్టుకీ వంతెన. ఇందులో డయోడ్లు ఆప్-యాంప్ తర్వాత గ్రౌండ్‌కి కలుస్తాయి, అంటే కోత గట్టిది. పాత ర్యాట్‌లోని ఎల్‌ఎం308 చిప్ నెమ్మది బాపతు, సెకనులో పది లక్షల వంతులో 0.3 వోల్టు మాత్రమే కదలగలదు. గెయిన్ పెంచినకొద్దీ అది తరంగాన్ని అందుకోలేక వెనకబడి, పదునైన అంచుల్ని మొద్దు చేస్తుంది. ఫిల్టర్ నాబ్ తిరగేసి పనిచేస్తుంది: కుడికి తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది. ఇది తెలియక మొదటి రోజే ‘మరీ మందంగా ఉంది’ అని పక్కన పెట్టేసేవాళ్లున్నారు. డిస్టార్షన్ 9 దగ్గర ఉంటే గరుకైన ఓవర్‌డ్రైవ్, 3 దాటితే దాదాపు ఫజ్. ఒకే పెడల్‌తో గడపాలంటే మా ఓటు దీనికే.

ఫజ్ ఫేస్: భాగాలు తక్కువ, పేచీలు ఎక్కువ

1966లో లండన్‌కి చెందిన ఆర్బిటర్ గుండ్రటి లోహపు డబ్బాలో పెట్టి అమ్మిన ఈ సర్క్యూట్‌లో ఉన్నది రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు. ఇంత చిన్న సర్క్యూట్ కాబట్టే దానికి దాపరికం లేదు. దీని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (వచ్చే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) కొద్ది కిలో ఓమ్‌లే, అందుకే గిటార్ తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్ తీగచుట్ట ఈ సర్క్యూట్‌లో ఒక భాగమైపోతుంది. గిటార్ వాల్యూమ్‌ని 10 నుంచి 7కి దించితే ఆ నాబ్ నిరోధం పికప్‌కీ ట్రాన్సిస్టర్‌కీ మధ్య చేరి, భీకరమైన ఫజ్ కాస్తా గాజులా మెరిసే క్లీన్‌గా మారుతుంది. ఈ ఒక్క గుణం కోసమే ఫజ్ ఫేస్‌ని ఇష్టపడేవాళ్లు చాలామంది.

దాని ముందు బఫర్ (పికప్‌ని తర్వాతి సర్క్యూట్ నుంచి విడదీసే చిన్న సర్క్యూట్) పెట్టారా, మొదటికే మోసం. బాస్ పెడళ్లు, ట్యూబ్ స్క్రీమర్, ట్యూనర్లలో చాలా రకాలు ఆఫ్‌లో ఉన్నా సిగ్నల్‌ని బఫర్ గుండానే పంపుతాయి. వైర్‌లెస్ రిసీవర్, యాక్టివ్ పికప్‌లు కూడా ఇలాంటివే. అప్పుడు వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు, శబ్దం కీచుగా మారుతుంది. అందుకే గిటార్ కేబుల్ నేరుగా ఫజ్ ఫేస్‌లోకే వెళ్లాలి, ట్యూనర్ దాని తర్వాతే. తప్పనిసరైతే ఫజ్ ఇన్‌పుట్‌కి వరసలో 10 నుంచి 50 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే పోయిన గుణం కొంత తిరిగి వస్తుంది, పూర్తిగా రాదు. వా పెడల్‌ని (కాలితో ఊపితే ‘వా వా’ అనిపించేది) ఫజ్ ముందు పెడితే ఆ ఊపు పోయి ఈల వెయ్యొచ్చు. వరస మార్చి చూడండి, లేదా బఫర్ ఉన్న వా వాడండి.

ట్రాన్సిస్టర్లు జెర్మేనియమా, సిలికానా? జెర్మేనియం మెత్తన, వాల్యూమ్ నాబ్‌కి బాగా లొంగుతుంది, కానీ వేడికి ఆగదు. దాని లీకేజీ కరెంటు సుమారు ప్రతి 10 డిగ్రీలకి రెట్టింపవుతుంది. చల్లటి గదిలో బాగా మోగినది స్టేజీ లైట్ల కింద గొంతు పట్టేసి, స్వరం చివర తెగిపడుతుంది. సిలికాన్‌ది గెయిన్ ఎక్కువ, పదును ఎక్కువ, ఎండకీ చలికీ చలించదు. బయట వాయించేవాళ్లకి సిలికాన్, గదిలో రికార్డ్ చేసుకునేవాళ్లకి జెర్మేనియం.

ఇంట్లో కట్టుకునేవాళ్లు, పాతది బాగుచేసేవాళ్లు చూడవలసిన కొలత ఒకటుంది. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల తీగని గ్రౌండ్‌కి, ఎర్ర తీగని రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి తాకించండి. 9 వోల్టుల బ్యాటరీతో అక్కడ 4.5 వోల్టులు ఉండాలి, పీఎన్‌పీ (ప్లస్, మైనస్ తిరగబడే రకం) జెర్మేనియం అయితే మైనస్ 4.5. కలెక్టర్ దగ్గరి 8.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ స్థానంలో 20 కిలో ఓమ్‌ల ట్రిమ్‌పాట్ (తిప్పి నిరోధం మార్చుకునే చిన్న రెసిస్టర్) పెట్టి, మీటర్ చూస్తూ కొద్దికొద్దిగా తిప్పాలి. టంకం వేశాక వెంటనే కొలవకండి, ట్రాన్సిస్టర్ వేడి దిగేదాకా పది నిమిషాలు ఆగండి. కొలత దాటి కొంచెం అటూ ఇటూ జరిపి వినండి కూడా: ఒక వైపు స్వరం తుపుక్కుమని ఆగిపోతుంది, ఇంకో వైపు మొద్దుబారుతుంది. చివరి మాట చెవిదే, మీటర్‌ది కాదు.

కరెంటు దగ్గర ఇంకో చిక్కు. పాత పద్ధతి పీఎన్‌పీ ఫజ్‌లో ప్లస్ వైపే గ్రౌండ్. మిగతా పెడళ్లతో కలిపి ఒకే అడాప్టర్ గొలుసుకి తగిలిస్తే కేబుళ్ల గ్రౌండ్ గుండా అడాప్టర్ షార్ట్ అవుతుంది. దానికి విడిగా ఐసోలేటెడ్ అవుట్‌పుట్ ఇవ్వండి లేదా బ్యాటరీ వేయండి. లాగే కరెంటు 1 మిల్లీ యాంపియర్‌కి అటూ ఇటూ కాబట్టి బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. వాయించాక కేబుల్ పీకడం మరిచిపోకపోతేనే!

బిగ్ మఫ్, కనపడకుండా పోయే గిటార్

ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి బిగ్ మఫ్‌లో నాలుగు ట్రాన్సిస్టర్లు, రెండు వరస క్లిప్పింగ్ దశలు. అందుకే స్వరం గోడలా నిలబడుతుంది, సస్టెయిన్‌కి, అంటే స్వరం నిలిచి ఉండటానికి, అంతు ఉండదు. టోన్ నాబ్ సర్క్యూట్ మాత్రం 1 కిలో హెర్ట్జ్ చుట్టూ పెద్ద గుంట తవ్వుతుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే ఆ గుంటే వైభోగంగా వినిపిస్తుంది. బ్యాండ్‌తో కలిస్తే అడుగు భాగం బేస్ గిటార్‌లో, పై భాగం సింబల్స్‌లో కలిసిపోయి గిటార్ మాయం. వాల్యూమ్ పెంచడం దీనికి మందు కాదు. మిడ్స్ సర్దుకునే నాబ్ ఉన్న రకం ఎంచుకోండి, లేదా తర్వాత ఒక మిడ్ బూస్ట్ పెట్టండి. ఫజ్ ఫేస్ గొడవపడినట్టు ఇది బఫర్‌తో గొడవపడదు, వరసలో ఎక్కడైనా సర్దుకుంటుంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే మాత్రం దాదాపు అదే ఫజ్, శబ్దం మాత్రం తక్కువ. క్లీన్ యాంప్ మాత్రమే ఉండి, పొడుగాటి సోలో స్వరాలు కావాలంటే ఫజ్ ఫేస్ కంటే ఇదే నయం. ఫజ్ ఫేస్‌కి కాస్త గరగరలాడే యాంప్ కావాలి.

ఏ ఫజ్‌లోనైనా నిండు కార్డులు ముద్దవుతాయి. రెండు స్వరాలు కలిసి క్లిప్ అయితే వాటి మొత్తం, వాటి తేడా అనే కొత్త స్వరాలు పుడతాయి. 110 హెర్ట్జ్ ‘ఎ’తో దాని ఫిఫ్త్ 164.8 కలిపితే తేడా 54.8, అది అదే ‘ఎ’కి కింది ఆక్టేవ్ అయిన 55కి ఆనుకునే ఉంటుంది, అందుకే పవర్ కార్డ్ బరువుగా వినిపిస్తుంది. మేజర్ థర్డ్ 138.6 కలిపితే తేడా 28.6. ‘ఎ’ 27.5 దగ్గర ఉంది, ఇది దానితో పొసగదు, ఆ మురికే కార్డుని చెడగొడుతుంది. నాలుగైదు తీగల కార్డులు స్పష్టంగా వినపడాలంటే ఓవర్‌డ్రైవ్‌కే వెళ్లండి.

పోల్చి చూసే పద్ధతి

చెవి మోసపోయేది శబ్దం ఎక్కువైనప్పుడే. పెడల్ ఆన్‌లో, ఆఫ్‌లో ఒకే బిగ్గరగా ఉండేలా లెవల్ సర్దాకే తీర్పు చెప్పండి. తర్వాత గిటార్ వాల్యూమ్ 10లో ఒక ఓపెన్ కార్డ్, 6కి దించి అదే కార్డ్, ఆపై 12వ ఫ్రెట్‌లో మూడో తీగ మీటి స్వరం ఎలా చచ్చిపోతుందో వినండి. సన్నగిల్లుతూ పోవాలి, చిటచిటలాడుతూ తెగకూడదు. ఇవన్నీ మీరు నిజంగా వాయించే శబ్ద స్థాయిలోనే చెయ్యాలి. ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి వాయిస్తుంటే స్పీకర్ క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించేది) తప్పనిసరి. 12 అంగుళాల గిటార్ స్పీకర్ 5 కిలో హెర్ట్జ్ పైన చాలావరకు మింగేస్తుంది. అది లేకుండా ఫజ్‌ని నేరుగా వింటే ఎంత మంచి ఫజ్ అయినా తేనెటీగల తుట్టెలా ఉంటుంది.

రెండూ కావాలనుకుంటే వరస: గిటార్, ఫజ్, ఆ తర్వాత ఓవర్‌డ్రైవ్. బిగ్ మఫ్ తర్వాత ట్యూబ్ స్క్రీమర్‌ని డ్రైవ్ సున్నాలో, టోన్ 12లో ఉంచితే దాని మిడ్ మూపురం మఫ్ గుంటని పూడుస్తుంది. దాన్ని ఆన్ చెయ్యగానే గిటార్ బిగ్గరగా కాక దగ్గరగా వచ్చినట్టు వినిపించాలి. బిగ్గరగా వచ్చిందంటే ఇంకా లెవల్ తగ్గించాల్సి ఉంది.