‘కొత్త కౌన్సిలర్ల ప్యాకేజీ’ కొనబోతున్నారా? సంతకం పెట్టే ముందు ఇది చదవండి

ఇంగ్లాండ్‌లో హౌసింగ్ అసోసియేషన్లలో (తక్కువ అద్దెకు ఇళ్ళిచ్చే, లాభాపేక్ష లేని సంస్థల్లో) పనిచేసేవాళ్ళకి ఈ హెచ్చరిక. మే నెలలో స్థానిక ఎన్నికల ఫలితాలు వచ్చాయో లేదో, ‘కొత్త కౌన్సిలర్లతో సంబంధాలు మేం కుదురుస్తాం’ అంటూ కన్సల్టెన్సీలు దిగుతాయి. ఏడాది ఫీజు ముందే కట్టించుకునేవాళ్ళతో మరీ జాగ్రత్త. చాలాసార్లు చేతికొచ్చేది మూడే: ఈమెయిళ్ళ జాబితా, అందరికీ ఒకే స్వాగత లేఖ, ఒక విందు.

జాబితాకి డబ్బు దండగ. కౌన్సిలర్ల వివరాలు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కొన్న జాబితాలో కౌంటీ, డిస్ట్రిక్ట్ సభ్యులు కలిసిపోయి ఉంటారు. కౌంటీ, డిస్ట్రిక్ట్ అని రెండంచెల కౌన్సిళ్ళున్న ప్రాంతాల్లో ఇళ్ళ వ్యవహారం, ప్లానింగ్ అనుమతులు డిస్ట్రిక్ట్‌వి, రోడ్లు కౌంటీవి. ఇక ఏ వార్డులో మీ ఇళ్ళెన్నో బయటివాళ్ళు పోస్ట్‌కోడ్ పట్టుకుని లెక్కేస్తారు. ఒకే పోస్ట్‌కోడ్ రెండు వార్డుల్లో పడొచ్చు, అప్పుడు సరిహద్దు వీధులన్నీ తప్పుతాయి. ప్రతి చిరునామాకీ ఉండే యూపీఆర్‌ఎన్ నంబరుతో వార్డును జతచేయండి. ఆ పని మీ డేటా టీమే చేయగలదు.

లేఖ పంపే వేళలోనూ ఇలాగే పొరపాటు జరుగుతుంది. గెలిచినవాళ్ళు పోలింగ్ తర్వాత నాలుగో రోజున గానీ పదవిలోకి రారు. పదవీ స్వీకార పత్రం మీద సంతకం పెట్టందే పనిచేయడానికి లేదు. ఏ కమిటీలో ఎవరో కౌన్సిల్ వార్షిక సమావేశంలో తేలుతుంది. అందుకే మొదట వార్డు సభ్యులకు చిన్న లేఖ, కమిటీలు తేలాక రెండోది పంపాలి. మొదటి లేఖతోపాటు ఒక్క పేజీ చాలు: ఆ వార్డులో మీ ఇళ్ళెన్ని, ఈ ఏడాది ఏ పైకప్పులు, ఏ వంటగదులు మారుస్తున్నారు, బాధ్యుడి పేరు, రాత్రిపూట ఫోన్ నంబరు. చెత్త, వీధిదీపాలు మీవి కావని కూడా రాయండి, సగం ఫోన్లు తగ్గుతాయి.

విందు గురించి. కౌన్సిళ్ళ ఉమ్మడి సంస్థ అయిన స్థానిక ప్రభుత్వ సంఘం (ఎల్‌జీఏ) సభ్యుల ప్రవర్తనకు రాసిన నమూనా నియమావళి తీసుకున్న కౌన్సిళ్ళలో 50 పౌండ్లు, ఆపైన విలువ చేసే ఆతిథ్యాన్ని సభ్యులు 28 రోజుల్లో నమోదు చేయించాలి. మీ దరఖాస్తు ప్లానింగ్ కమిటీ ముందుంటే ఆ నమోదు మీ మెడకే చుట్టుకుంటుంది. ‘ఓటు మేం చూసుకుంటాం’ అనే కన్సల్టెంట్ మాట వినగానే లేచి వచ్చేయండి. విందు బదులు హౌసింగ్ ఆఫీసర్‌తో గంటసేపు వార్డు నడక పెట్టుకోండి. పూలకుండీలున్న కొత్త భవనం కాదు, చెమ్మ పట్టిన బ్లాకు చూపించండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం లేఖ అడుగున ఉంటుంది: జవాబు చిరునామా కన్సల్టెన్సీదై ఉంటుంది. కౌన్సిలర్ రాసే మొదటి మెయిల్ ఓ అద్దెదారు ఇంట్లో బూజు గురించే కావచ్చు. అద్దెదారుల ఫిర్యాదులు చూసే హౌసింగ్ అంబుడ్స్‌మన్ కోడ్ ప్రకారం అద్దెదారు తరఫున ప్రతినిధి ద్వారా వచ్చిన ఫిర్యాదూ ఫిర్యాదే: 5 పనిదినాల్లో అందిందని చెప్పాలి, ఆపైన 10 పనిదినాల్లో మొదటి దశ జవాబివ్వాలి. 2025 అక్టోబర్ 27 నుంచి, చెమ్మ, బూజు లాంటి ప్రమాదాలను గడువులోగా సరిచేయాలనే అవాబ్ చట్టం కింద అత్యవసర ప్రమాదాలకు 24 గంటలే గడువు. శుక్రవారం సాయంత్రం మెయిల్ ఎవరి ఇన్‌బాక్స్‌లోనో పడి ఉంటే, సోమవారం సంజాయిషీ చెప్పేది మీరే.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే జవాబు చిరునామాను ఈరోజే మీ సొంత ఇన్‌బాక్స్‌కు మార్పించండి. ఇద్దరు మనుషుల్ని దానికి కేటాయించండి, ఒకరు సెలవులో ఉన్నా ఆగకూడదు. ‘మెయిల్ తెరిచారు’ అన్న లెక్కను పనితీరుగా చూపించి బిల్లు వేసే నిబంధన ఉంటే కొట్టేయించండి. కొన్ని కౌన్సిళ్ళలో మూడోవంతు సీట్లకే ఎన్నిక జరుగుతుంది, అలాంటి చోట వచ్చే మేలోనూ కొత్త ముఖాలు రావచ్చు. ఒప్పందం దానంతటదే పొడిగించుకుపోయే షరతుందేమో ఇప్పుడే చూసుకోండి.