పాత ఇటుక చిమ్నీకి కట్టెల స్టవ్: నేరుగా కలపాలా, లైనర్ (చిమ్నీ లోపల దించే గొట్టం) వేయించాలా?

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో పాత ఇల్లు కొన్నాక, హాల్లో కట్టెల స్టవ్ పెట్టుకుందామనుకున్నాం. ఫైర్‌ప్లేస్ చిమ్నీ ఉంది కదా, గొట్టం అందులోకి దూరిస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. సరిపోదండీ.

మన స్టవ్ గొట్టం 6 అంగుళాలు, అంటే వైశాల్యం 28 చదరపు అంగుళాలు. చిమ్నీ లోపలి ఖాళీ దానికి మూడు రెట్లు దాటకూడదని, బయటి గోడకు ఆనుకున్న చిమ్నీ అయితే రెండు రెట్లేనని అక్కడి అగ్ని భద్రతా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 211 చెబుతుంది. ఫైర్‌ప్లేస్ కోసం కట్టినవి చాలావరకు ఇంతకంటే పెద్దవే, దాంతో పొగ నెమ్మదించి, చల్లబడి, 120 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగేసరికి క్రియోసోట్ అనే మండే తారుగా గోడలకు పట్టేస్తుంది. మా చిమ్నీలో కెమెరా దించి చూపించారు: తారు ఎండి గాజులా మెరుస్తోంది, బ్రష్‌తో రుద్దినా రాదు, పక్కనే చిమ్నీ లోపలి గోడకున్న మట్టి టైల్‌కు నిలువునా పగులు. ఆ తారుకు నిప్పంటుకుంటే వేడి 1,100 డిగ్రీల దాకా పోతుంది, ఆ పగులు వెనకాల ఉన్నది చెక్క ఇల్లు.

నేరుగా కలపడం తప్పేమీ కాదు, కాకపోతే చిమ్నీ ఇంటి లోపల ఉండాలి, టైల్స్ బాగుండాలి, కొలత కుదరాలి. అప్పుడు కూడా సింగిల్ వాల్ (ఒకే పొర రేకు) గొట్టానికీ చెక్కకూ మధ్య 18 అంగుళాలు వదలాలి, గొట్టం ప్రతి అడుగు పొడవుకూ పావు అంగుళం చొప్పున పైకి వాలాలి, ప్రతి అతుక్కీ మూడు స్క్రూలు పడాలి, గొట్టం చివర చిమ్నీ లోపలి గోడతో సమంగా ఆగాలి గానీ లోపలికి పొడుచుకు రాకూడదు. ఇల్లు వేడిచేసే ఆయిల్ ఫర్నేస్ పొగ వెళ్లే దారిలోనే స్టవ్ గొట్టాన్నీ కలపడం మాత్రం వద్దే వద్దు.

డ్యాంపర్ (ఫైర్‌ప్లేస్ పైన పొగదారిని మూసే రేకు) దాటి నాలుగడుగుల గొట్టం ముక్క దూర్చి వదిలేయడం ఇంకొక పద్ధతి. నాకు నచ్చలేదు, ఎందుకంటే శుభ్రం చేసిన ప్రతిసారీ స్టవ్‌ను బయటికి లాగాల్సిందే.

మేం కింది నుంచి పైదాకా 6 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్, చుట్టూ ఇన్సులేషన్‌తో వేయించాం, చిమ్నీ లైనర్ల భద్రతా ప్రమాణమైన యూఎల్ 1777 గుర్తు ఉన్నదే కావాలని అడిగి మరీ. వేల డాలర్లయింది, బాధనిపించింది. కానీ మాది బయటి గోడ చిమ్నీ, పైగా పగిలింది, అలాంటప్పుడు ఇంకో ఆలోచన అనవసరం. తేమ 20 శాతం లోపున్న ఎండు కట్టెలే కాల్చాం, చలికాలం అయ్యాక దులిపిస్తే ఒక టీ కప్పు పొడి మసి రాలింది, అంతే.