లా రాంబ్లాకి పొద్దున్నే వెళ్లండి

స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఉన్న ఐదు రోజుల్లో లా రాంబ్లా అనే వీధి మీద ఎన్నిసార్లు నడిచామో లెక్క లేదు. మనసులో నిలిచిపోయిన నడకలు మాత్రం రెండే. రెండూ పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టినవే. అక్టోబర్‌లో అక్కడ తెల్లవారేసరికే ఆ టైం అవుతుంది. వీధి దీపాలు అప్పుడే ఆరుతుంటాయి, పూల కొట్ల వాళ్లు షట్టర్లు ఎత్తుతుంటారు, మునిసిపాలిటీ వాళ్లు కడిగిన నేల ఇంకా తడిగా ఉంటుంది.

నేను జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకున్నాను. చలి తక్కువగా ఉండాలి, సముద్రం ఉండాలి, అమ్మ మోకాళ్లు తట్టుకునేలా ఉండాలి. అలా బార్సిలోనా అనుకున్నాం.

లా రాంబ్లా ఒక కిలోమీటరు పైచిలుకు. పైన ప్లాసా దె కాటలున్యా కూడలి దగ్గర మొదలై, కింద రేవు దగ్గర కొలంబస్ స్తంభం వరకు ఉంటుంది. నడిచేవాళ్ల దారి మధ్యలో వెడల్పుగా ఉంటుంది. బండ్ల దారులు రెండు పక్కలా సన్నగా ఉంటాయి. పైన వరసగా చినార్ లాంటి ప్లేన్ చెట్లు. ఇసుక నేల అనే అర్థమున్న అరబిక్ మాట "రమ్లా" నుంచి ఈ పేరు వచ్చింది. ఒకప్పుడు ఇది కోటగోడ బయట వాన పడితే పారే వాగు. ఆ మాట చెప్పగానే నాన్న ఆగి, వీధిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "అందుకేరా సముద్రం వైపు వాలుగా ఉంది" అన్నారు. నిజమే, నడుస్తుంటే ఆ వాలు కాళ్లకు తెలుస్తుంది. పెద్దవాళ్లతో వెళ్తే పైనుంచి కిందికే నడవండి. తిరిగి రావడానికి డ్రసానెస్ స్టేషన్‌లో మూడో లైన్ మెట్రో ఎక్కితే రెండో స్టాప్‌లోనే కాటలున్యా వస్తుంది.

ఇక బస సంగతి. మొదటి రెండు రాత్రులకు సరిగ్గా రాంబ్లా మీదే ఒక హోటల్ బుక్ చేశాను. కిటికీ తెరిస్తే వీధి కనిపిస్తుంది, ఆ ఫోటో చూసే డబ్బు కట్టాను. అది నా పొరపాటు. రాత్రి మూడింటి దాకా కేకలు, పాటలు, చక్రాల సూట్‌కేసుల చప్పుడు. వెనక వైపు గది ఇమ్మని అడిగితే రిసెప్షన్‌లో ఉన్నతను తల కూడా ఎత్తకుండా లేదన్నాడు. అమ్మ తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉంది. మూడో రోజు ఎషాంప్లా పేటలో ఒక చిన్న "ఓస్తాల్"కి మారాం. స్పెయిన్‌లో ఓస్తాల్ అంటే కుర్రాళ్లంతా ఒకే గదిలో పడుకునే హాస్టల్ కాదు, ఇంటివాళ్లు నడిపే చిన్న లాడ్జి. పాత భవనమే, లిఫ్ట్‌లో ఇద్దరే పడతారు. కానీ గది శుభ్రంగా ఉంది, ధర మూడో వంతు తగ్గింది, రాంబ్లా పై మొదలుకి పదిహేను నిమిషాల నడక. ఆ ఇంటావిడ అమ్మ కోసం ఒక కెటిల్ తెచ్చిపెట్టారు. ఎక్కడ దిగినా మనిషికి రోజుకింత అని పర్యాటక పన్ను ఉంటుంది. చాలాసార్లు అది బుకింగ్ ధరలో కలవదు, అక్కడ విడిగా కట్టాలి.

పొద్దున నడకలో మొదట వచ్చేది కనలేటెస్ కుళాయి. ఇనుప స్తంభానికి నాలుగు పక్కలా నీళ్లు వస్తాయి. ఈ నీళ్లు తాగినవాళ్లు మళ్లీ బార్సిలోనాకి వస్తారని అక్కడివాళ్ల నమ్మకం. ఫుట్‌బాల్‌లో ఈ ఊరి జట్టు బార్సా గెలిస్తే అభిమానులు చేరేది కూడా ఇక్కడికే. అమ్మ చెప్పులు విప్పి తాగింది. గుడి దగ్గర తీర్థం అలవాటు అది, నేనేమీ అనలేదు.

కాస్త కిందికి దిగితే పూల కొట్లుండే భాగం, పూల రాంబ్లా. అమ్మ అక్కడ అరగంట ఉండిపోయింది. తర్వాత కుడి చేతి వైపు బొకేరియా మార్కెట్. 1835 అల్లర్లలో తగలబడిన సాన్ జోసెప్ మఠం స్థలంలో 1840లో మొదలైంది. ఎనిమిదింటికి వెళ్తే ఇది నిజమైన కూరగాయల బజారు. పుట్టగొడుగులు గుట్టలుగా పోసి ఉంటాయి, చేపలను మంచు మీద సర్దుతుంటారు. పదకొండు దాటితే కెమెరాల మధ్య అడుగు పెట్టే సందుండదు. గేటు దగ్గర పళ్ల ముక్కల కప్పులు కొనకండి. నాలుగు వరసలు లోపలికి వెళ్తే అవే కప్పులు మాకు తక్కువకి దొరికాయి. ఆదివారం మార్కెట్ ఉండదు.

అక్కణ్నుంచి కొన్ని అడుగుల్లో, నేల మీద చిత్రకారుడు మిరో చేసిన రంగుల మొజాయిక్ ఉంది. 1976లో పరిచింది. చుట్టూ తాడు గానీ కంచె గానీ లేవు, ఊరంతా దాని మీద నుంచే నడుస్తుంది. 2017 ఆగస్టు 17న ఉగ్రవాద దాడిలో జనం మీదికి దూసుకొచ్చిన వ్యాన్ చివరికి ఆగింది ఇక్కడే. పోయినవాళ్ల గుర్తుగా పక్కనే నేలలో ఒక స్మారకం పెట్టారు. చూసుకోకపోతే దాటి వెళ్లిపోతాం. నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డారు.

ఎదురుగానే లిసెయు ఒపేరా హౌస్. 1847లో కట్టారు. 1994లో వెల్డింగ్ నిప్పురవ్వలు తెరకు అంటుకుని కాలిపోయింది, మళ్లీ కట్టి 1999లో తెరిచారు. కోవిడ్ లాక్‌డౌన్ అయ్యాక 2020 జూన్‌లో తలుపులు తీసినప్పుడు, కుర్చీల్లో మనుషుల బదులు 2,292 మొక్కలను పెట్టి వాటికి కచేరీ వినిపించారు. తర్వాత ఆ మొక్కలను వైద్య సిబ్బందికి ఇచ్చారు. పొద్దుటి పూల కొట్లు చూసి వచ్చిన అమ్మకి ఈ కథ ఎంత నచ్చిందో, ఫోన్‌లో పిన్నికి కూడా చెప్పింది.

లిసెయు దాటాక నడక నాకంత నచ్చలేదు. 2022లో మొదలైన వీధి మరమ్మతుల కంచెలు, ఒకే రకం మాగ్నెట్లు అమ్మే కొట్లు. ఎడమ వైపు ప్లాసా రెయాల్‌లోకి మాత్రం తప్పకుండా వెళ్లండి. అక్కడి దీపస్తంభాలు ఈ ఊరి పేరున్న వాస్తుశిల్పి గౌడీ కుర్రతనంలో గీసినవి. కుడి వైపు సందులో ఆయన కట్టిన గుయెల్ ఇల్లు ఉంది.

తిండి విషయంలో గట్టిగా చెప్తాను. రాంబ్లా మధ్యలో గొడుగుల కింద కూర్చుని తినకండి. మేం కూర్చున్నచోట ఒక పాయెల్లా, మూడు జ్యూసులు, ఒక సలాడ్‌కి 78 యూరోలు అయ్యాయి, అన్నం చల్లారిపోయి వచ్చింది. మర్నాడు రెండు వీధుల అవతల మధ్యాహ్నం "మెను దెల్ దియా" తిన్నాం. రెండు వంటకాలు, ఒక స్వీటు, మనిషికి 15 యూరోలు. అమ్మ శాకాహారి. "సిన్ కార్నె" (మాంసం వద్దు) అంటే సరిపోదు, చేప వేసి తెస్తారు. "సిన్ హమోన్, సిన్ పెస్కాదో" (పంది మాంసం వద్దు, చేప వద్దు) అని కూడా చెప్పాలి. ఎస్కలివాదా అడగండి: నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికం, పైన ఆలివ్ నూనె. మొదటి ముద్దకే అమ్మ, "వంకాయ పచ్చడే నాన్నా, చింతపండొక్కటే తక్కువ" అంది. పప్పన్నం మీదికి మనసు పోతే పక్కనే రావల్ పేట ఉంది. అక్కడి పాకిస్తానీ, బంగ్లాదేశీ కొట్లలో పప్పులు, పచ్చిమిర్చి, కొత్తిమీర దొరికాయి.

మూడో రోజు సాయంత్రం లిసెయు మెట్రోలో నాన్న పర్సు పోయింది. తలుపు దగ్గర ఒకడు అడ్డంగా ఆగిపోయాడు, వెనక ఇంకొకడు తోశాడు. తలుపులు మూసుకునేసరికి జేబు ఖాళీ. నలభై యూరోలు, ఒక కార్డు. పాస్‌పోర్టులు గదిలో ఉండబట్టి గండం గడిచింది. కార్డు వెంటనే బ్లాక్ చేసి, నౌ దె లా రాంబ్లా వీధిలోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. ఇంగ్లిష్ వచ్చిన ఆఫీసరే ఓపిగ్గా రాసుకున్నారు, గంటన్నరలో "దెనూన్సియా" అనే ఫిర్యాదు కాగితం ఇచ్చారు. ఇన్సూరెన్స్‌కి అదే కావాలి. నాన్న ఆ రాత్రి సరిగ్గా తినలేదు. డబ్బు గురించి కాదు, తన నిర్లక్ష్యం అనుకుని బాధపడ్డారు. మీ పెద్దవాళ్ల పర్సులు మీరే తీసుకుని లోపలి జిప్పులో పెట్టండి.

ఇంకో రెండు విషయాలు. వీధిలో టాయిలెట్లు దాదాపు లేవు. పై చివర ఎల్ కోర్తె ఇంగ్లేస్ అనే పెద్ద స్టోర్‌లో, కింది చివర రేవు మీద మారేమాగ్నుమ్ మాల్‌లో ఉన్నాయి. మెట్రోకి టి-కాజువల్ కార్డు ఒక్క మనిషికే పనికొస్తుంది. ముగ్గురు కలిసి తిరిగితే ఎనిమిది ప్రయాణాల టి-ఫమిలియార్ నయం.

చివరి రోజు విమానాశ్రయం బస్సు ప్లాసా దె కాటలున్యాలోనే ఎక్కాలి. పది నిమిషాలుందని అమ్మ ఖాళీ సీసా తీసుకుని కనలేటెస్ దగ్గరికి వెళ్లి నింపుకొచ్చింది. విమానాశ్రయంలో సెక్యూరిటీ వరుసలో నీళ్ల సీసాలు పారేయమన్నారు. అమ్మ సీసా మూత తీసి నాకిచ్చింది. ముగ్గురం తలా కాస్త తాగి, ఖాళీ సీసాని ట్రేలో పెట్టాం.