పాఠ్యపుస్తకం పక్కన ఐరాస చార్టర్: చాలాకాలం వాడాక సమీక్ష

అంతర్జాతీయ సంబంధాల తొలి కోర్సు ఎక్కడ చదివినా దాదాపు ఒకటే వరస: వాస్తవికవాదం (దేశాలు బలం, స్వప్రయోజనం చూసుకునే నడుస్తాయనేది), ఉదారవాదం (సంస్థలు, సహకారం పనిచేస్తాయనేది), నిర్మాణవాదం (ఆలోచనలు, విలువలే దేశాల ప్రయోజనాలను మలుస్తాయనేది), ఆ తర్వాత సంస్థలు, యుద్ధం, ఆర్థికం. మూడు వాదాల నిర్వచనాలు త్వరగానే నోటికొస్తాయి. నిజంగా జరిగిన సంఘటన ఒకటి ముందు పెట్టి వివరించమంటే మాత్రం కలం కదలదు. ఆ లోటు కోసం పాఠ్యపుస్తకానికి జతగా వాడుతూ వచ్చినవి రెండు: ఐక్యరాజ్యసమితి చార్టర్ (ఆ సంస్థకు పునాది ఒప్పందం), ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఉండే తీర్మానాలు, ఓటింగ్ రికార్డులు. రెండూ ఉచితమే.

ముందు చార్టర్ సంగతి. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకాలు జరిగాయి, అక్టోబర్ 24న అమల్లోకి వచ్చింది. 19 అధ్యాయాలు, 111 అధికరణలు. మొదటి పేజీ నుంచి వరసగా చదవడం దండగ. ధర్మకర్తృత్వ మండలికి (స్వతంత్రం రాని కొన్ని ప్రాంతాల పాలనను పర్యవేక్షించేందుకు పెట్టినది) సంబంధించిన 12, 13 అధ్యాయాలు మొదటి విడతలో వదిలేయొచ్చు. దాని కింద మిగిలిన ఆఖరి ప్రాంతం, పసిఫిక్ ద్వీపదేశం పలావ్, 1994లో స్వతంత్రమయ్యాక ఆ మండలికి పనే లేకుండా పోయింది. ముందు 1, 2 అధికరణలు, తర్వాత భద్రతా మండలి గురించిన 23 నుంచి 27, ఆపైన 33 నుంచి 51 వరకు, అంటే 6, 7 అధ్యాయాలు. అక్కడి నుంచి వెనక్కొచ్చి సర్వప్రతినిధి సభ అధికారాలు చెప్పే 10 నుంచి 14, ఓటింగ్ గురించిన 18. ఆఖరున సవరణల 108.

రెండో అధికరణను మాత్రం నెమ్మదిగా చదవాలి. 1వ క్లాజు రాజ్యాల సార్వభౌమ సమానత్వం, 4వది బలప్రయోగ నిషేధం, 7వది ఆంతరంగిక వ్యవహారాల్లో ఐరాస జోక్యం కూడదనేది. వీటికి ఎదురుగా 39, 42, 51 అధికరణలు పెట్టుకోండి. శాంతికి ముప్పుందని తేల్చే అధికారం, సైనిక చర్యకు దిగే అధికారం, దాడి జరిగితే ఆత్మరక్షణ హక్కు. కోర్సు చివరిదాకా నడిచే వాదనల్లో చాలావాటికి మూలం ఈ ఆరు చోట్లే ఉంది.

చార్టర్‌ను అక్షరాలా నమ్మితే దెబ్బతింటారు. 23వ అధికరణలో శాశ్వత సభ్యుల పేర్లలో ఇప్పటికీ రిపబ్లిక్ ఆఫ్ చైనా (నేటి తైవాన్ ప్రభుత్వం), సోవియట్ యూనియన్ అనే ఉన్నాయి. మొదటి స్థానం 1971 నాటి సర్వప్రతినిధి సభ తీర్మానం 2758తో పీపుల్స్ రిపబ్లిక్ ఆఫ్ చైనాకు (బీజింగ్ ప్రభుత్వానికి) దక్కింది, రెండోది 1991 డిసెంబర్‌లో రష్యాకు వెళ్లింది. రాత మారలేదు. 27(3) చదివితే శాశ్వత సభ్యులు ఐదుగురూ అవునంటేనే తీర్మానం నెగ్గుతుందనిపిస్తుంది. ఆచరణలో ఓటింగ్‌కు దూరంగా ఉండటం వీటో కిందికి రాదు, 1971లో నమీబియాపై ఇచ్చిన సలహాభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఆ ఆచరణను ఒప్పుకుంది. 43వ అధికరణ చెప్పిన, సభ్యదేశాలు మండలికి సేనలు ఇచ్చే ఒప్పందాలు ఒక్కటీ కుదరలేదు. శాంతిపరిరక్షణ దళాల ఊసు చార్టర్‌లో ఎక్కడా లేదు. అందుకే చార్టర్‌ను ప్రింట్ తీసుకుని, ప్రతి అధికరణ పక్కన మార్జిన్‌లో 'ఆచరణలో ఏమైంది' అని రాసుకుంటూ పోవాలి. తెరమీద చదివి వదిలేస్తే ఈ తేడాలు గుర్తుండవు.

తీర్మానాల దగ్గరికొస్తే, చదవడానికి ఒక పద్ధతి ఉంది. అంకెలు లేని పేరాలు పీఠిక, అంకెలున్నవి అసలు నిర్ణయం. పీఠిక చివర 'ఏడో అధ్యాయం కింద వ్యవహరిస్తూ' అన్న మాట ఉందా చూడాలి. ఆ తర్వాత ప్రతి అంకె పక్కన ఉన్న క్రియ కింద గీత గీయాలి: నిర్ణయిస్తోంది, అనుమతిస్తోంది, కోరుతోంది, ఖండిస్తోంది. బరువంతా అక్కడే. అభ్యాసానికి ఇరాక్ తీర్మానాలు రెండు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక 1990 నవంబర్ 29న వచ్చిన 678లో రెండో పేరా 1991 జనవరి 15 గడువు పెట్టి, ఆలోగా ఇరాక్ మాట వినకపోతే 'అవసరమైన అన్ని మార్గాలూ' వాడేందుకు కువైట్‌కు సహకరిస్తున్న సభ్యదేశాలకు అనుమతినిచ్చింది. 12 అనుకూలం, క్యూబా, యెమెన్ వ్యతిరేకం, చైనా దూరం. ఇరాక్ నిరాయుధీకరణపై 2002 నవంబర్ 8 నాటి 1441 ఏకగ్రీవం. అందులో 'ఆఖరి అవకాశం' ఉంది, 'తీవ్ర పరిణామాలు' ఉన్నాయి, అంకెలున్న పేరాల్లో అనుమతి అన్న క్రియే లేదు. 2003 యుద్ధానికి 678 నాటి అనుమతే మళ్లీ ప్రాణం పోసుకుందని బ్రిటన్ ఎందుకు వాదించాల్సి వచ్చిందో ఈ రెండూ కలిపి చదివితే అర్థమవుతుంది. ఒక్క మధ్యాహ్నం పని.

ఓటింగ్ రికార్డుల్లో అందరూ పడే గోతి ఒకటుంది. తీర్మానాల జాబితా మాత్రమే వెతికితే వీటో అయినవి అసలు కనిపించవు. నెగ్గనిదానికి తీర్మానం నంబరే రాదు, ముసాయిదా నంబరుతోనే మిగిలిపోతుంది. వాటికోసం ఐరాస డాగ్ హామర్‌షోల్డ్ లైబ్రరీ విడిగా ఉంచే వీటోల జాబితా చూడాలి. ఇంకొకటి, సర్వప్రతినిధి సభ తీర్మానాల్లో ఎక్కువ భాగం ఓటింగ్ లేకుండానే ఆమోదం పొందుతాయి. ఓట్ల లెక్కలతో 'ఏ దేశం ఎవరి వైపు' అని తేల్చేవాళ్లు గొడవ ఉన్న అంశాలనే చూస్తున్నారన్నమాట. నంబర్ల తీరూ తెలిసుండాలి: 1976కు ముందు సభ తీర్మానాలకు వరస సంఖ్య పక్కన రోమన్ అంకెల్లో సమావేశం సంఖ్య ఉంటుంది, ఆ తర్వాత సమావేశం సంఖ్య ముందుకొచ్చింది. అంశం పేరుతో వెతికితే వేలల్లో వస్తాయి, నంబరుతోనే వెతకండి.

27వ అధికరణ ఎలా పనిచేస్తుందో చూడటానికి 2022 ఫిబ్రవరి చివరి వారాన్ని మించినది లేదు. 25న యుక్రెయిన్‌పై రష్యా దాడి గురించిన ముసాయిదాకు 11 అనుకూలం, రష్యా వ్యతిరేకం, చైనా, భారత్, యూఏఈ దూరం. వీటో. 27న సర్వప్రతినిధి సభ అత్యవసర ప్రత్యేక సమావేశం పిలవాలన్న తీర్మానం 2623కు అవే ఓట్లు: 11, 1, 3. ఇది నెగ్గింది. కార్యవిధానానికి సంబంధించిన ఓటు కాబట్టి 27(2) వర్తించింది, వీటో చెల్లలేదు. మార్చి 2న సభలో ఆ దాడిపైనే పెట్టిన తీర్మానానికి 141 అనుకూలం, 5 వ్యతిరేకం, 35 దూరం. ఐరాసలో బలం ఎక్కడ ఆగుతుందో, పరువు ఎక్కడ మొదలవుతుందో ఈ మూడు ఓట్లు చూపించినంతగా ఏ అధ్యాయమూ చూపదు.

సిద్ధాంతాలకు పనిపెట్టాలంటే అంకెలు సరిపోవు, ఓటు వేశాక దేశాలు ఇచ్చిన వివరణలు కావాలి. అవి సమావేశాల పూర్తిపాఠ రికార్డుల్లో ఉంటాయి. పత్రికా ప్రకటనల సారాంశంతో సరిపెట్టుకోవద్దు, అవి అధికారిక రికార్డు కాదు. లిబియాలో పౌరుల రక్షణకు బలప్రయోగాన్ని అనుమతించిన, 2011 మార్చి 17 నాటి తీర్మానం 1973 తీసుకోండి: 10 అనుకూలం, వ్యతిరేకం లేదు, బ్రెజిల్, చైనా, జర్మనీ, భారత్, రష్యా దూరం. చైనాకు వీటో ఉంది, తీర్మానంలో కొన్ని భాగాలతో ఇబ్బంది ఉందని చెప్పింది, అయినా అరబ్ లీగ్ వైఖరికి ప్రాధాన్యమిస్తున్నానంటూ అడ్డుపడలేదు. వాస్తవికవాది దీన్ని తక్కువ ప్రయోజనాలున్న చోట ఖర్చు తప్పించుకోవడం అంటాడు, నిర్మాణవాది ప్రాంతీయ సమ్మతికి వచ్చిన విలువ అంటాడు. ఒక్కో వాదానికి ఒక పేజీ రాసి, ఏ వాక్యం తన వాదానికి ఎదురు తిరుగుతోందో కూడా చూపాలి. ఆ రెండో సగం రాయనివాళ్లకు ఈ అభ్యాసం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

లోపాలూ చిన్నవి కావు. భద్రతా మండలిలో అసలు బేరసారాలు మూసిన తలుపుల వెనక సంప్రదింపుల్లో సాగుతాయి, వాటికి అధికారిక రికార్డు ఉండదు. వీటో భయంతో ఓటింగుకే రాకుండా పోయిన ముసాయిదాల జాడ చాలాసార్లు దొరకదు. ఐరాస అధికార భాషలు ఆరు, వాటిలో తెలుగు లేదు. దౌత్య ఇంగ్లిష్ అలవాటయ్యేదాకా వేగం రాదు. వాణిజ్యం, అప్పులు, ద్రవ్య విధానం, వాతావరణ నిధులు చదివేటప్పుడు ఈ రెండూ పెద్దగా అక్కరకు రావు. ప్రపంచ వాణిజ్య సంస్థ, అంతర్జాతీయ ద్రవ్యనిధి పత్రాలు వేరే పట్టాలి. పరీక్షకు నెల మాత్రమే ఉన్నవాళ్లు వీటి జోలికి పోకుండా పాఠ్యపుస్తకంతోనే సరిపెట్టుకోవడం మేలు. సెమిస్టర్ మొదట్లో ఉన్నవాళ్లు వారానికి ఒక తీర్మానం, దాని సమావేశ రికార్డు చొప్పున పెట్టుకుంటే సెమినార్ పేపర్‌కు సరుకు దానంతటదే పోగవుతుంది.