7.2 కిలోవాట్ల ఇంటి చార్జర్: రెండేళ్ల తర్వాత టైమర్ సంగతి

వేగం, కేబుల్ పొడుగు, యాప్ గురించి అందరూ రాసేశారు. రెండేళ్ల వాడకంలో తేలింది ఒక్కటే: కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ ఎలక్ట్రిక్ కారు చార్జర్ డబ్బాకి టైమర్ గుర్తుండదు.

చార్జింగ్ రాత్రి 11కి మొదలయ్యేలా టైమర్ పెట్టారనుకోండి. ఏడున్నరకి కరెంటు పోయి పావుగంటలో వచ్చింది. లోపలి గడియారానికి బ్యాటరీ లేదు, టైమ్‌ని వైఫై నుంచే తెచ్చుకోవాలి. రూటర్ లేవడానికి రెండు నిమిషాలు. ఇది అంతసేపు ఆగదు. టైమ్ తెలియకపోతే షెడ్యూలే లేనట్టు లెక్క, వెంటనే చార్జింగ్ మొదలెట్టి ఏకంగా 32 ఆంపియర్లు లాగుతుంది. తర్వాత టైమ్ దొరికినా ఆపదు.

సరిగ్గా అప్పుడే వీధిలో ఏసీలు, ఫ్రిజ్‌లు, నీళ్ల మోటార్లు కలిసి లేస్తాయి. వీధిలోని 100 కేవీఏ సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకి (మూడు కరెంటు లైన్లలో ఒక్కోదానికి) ఇవ్వగలిగింది సుమారు 133 ఆంపియర్లు. ఒక్క కారే అందులో దాదాపు నాలుగో వంతు తింటుంది. ఒకే ఫేజు మీద ఇలాంటివి మూడుంటే వోల్టేజీ జారుతుంది, కాదంటే ఫ్యూజు పోతుంది. న్యూట్రల్ (కరెంటు తిరిగివెళ్లే తీగ) జాయింటు లూజుగా ఉంటే పక్క ఫేజుల వాళ్లకి వోల్టేజీ పెరిగి, వాళ్ల టీవీలకి ముప్పు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు వేస్తాడు. చార్జర్లన్నీ మళ్లీ ఒక్కసారే లేస్తాయి.

పైస్థాయిలో, అంటే మొత్తం గ్రిడ్‌లోనూ ఇదే లెక్క. లక్ష చార్జర్లు సరిగ్గా పదకొండుకి లేస్తే 720 మెగావాట్లు, అంటే కృష్ణపట్నం థర్మల్ కేంద్రంలో ఒక 800 మెగావాట్ల యూనిట్‌కి దగ్గర. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి చార్జర్లు చార్జింగ్ మొదలెట్టే ముందు 10 నిమిషాల దాకా, ఒక్కోటి ఒక్కోలా, ఆలస్యం చేసేలా ఉండాలని నిబంధన. ఇందులో అలాంటిదేమీ లేదు.

కొత్తలో ఈ టైమర్‌ని నేనూ తెగ మెచ్చుకున్న మాట నిజమే. కరెంటు పోని రోజుల్లో ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది.

విరుగుడు ఇదీ. చార్జర్ టైమర్ తీసేసి, కారులోనే షెడ్యూల్ పెట్టండి. కారు గడియారం 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటు పోయినా చెదరదు. టైమ్ 11 అని కాకుండా 11:17 లాంటిది పెట్టండి. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో మూత తీయించి, చార్జర్ లోపల కరెంటు పరిమితి పెట్టే స్విచ్‌ని 10 ఆంపియర్లకి దించండి. యాప్‌లో దించితే కరెంటు పోగానే మళ్లీ 32కి పోతుంది. పదితో 2.3 కిలోవాట్లు వస్తాయి. రోజుకి 30 కిలోమీటర్లు తిరిగే కారుకి ఐదు యూనిట్ల కరెంటు చాలు, రెండుంబావు గంటల్లో అయిపోతుంది.

అలాంటప్పుడు 7.2 కిలోవాట్లది ఎందుకు అంటే, రోజూ 150 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి తప్పదు. మిగతావాళ్లకి మంచి ఎర్తింగ్ ఉన్న 3.3 కిలోవాట్లది సరిపోతుంది. సొంతిల్లు, కరెంటు తరచూ పోని వీధి అయితే దీనికి నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు. సెల్లార్‌లో పది కార్లు ఒకే ప్యానెల్ మీద ఉంటే రెండే. అక్కడ కారు షెడ్యూల్ కూడా చాలదు, లోడుని తమలో తాము పంచుకునే చార్జర్లు చూసుకోవాలి.