మెల్లకన్నుకు అద్దాలా, ఆపరేషనా?

మావాడికి నాలుగేళ్లు. అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి ఎడమ కన్ను ముక్కు వైపు జారిపోయేది. "మెల్లకన్ను అదృష్టంరా, వదిలెయ్" అంది అత్తయ్య. ఇప్పుడు వాడి అద్దాలు చూసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: ఆపరేషన్ చేయిస్తే పోయేది కదా?

నన్నడిగితే, తప్పు కండరానిదా, దానికి అందే ఆజ్ఞదా అన్నది ముందు తేలాలి. కంటిని తిప్పే కండరాలు ఆరు. దగ్గరి వస్తువు చూసేటప్పుడు కన్ను ఫోకస్ పెంచుకుంటుంది. దాంతోపాటే ముక్కు వైపు కండరాలు రెండు కళ్లనూ లోపలికి లాగుతాయి. ఈ రెండు పనులకూ మెదడు ముడి వేసేసింది. ప్లస్ పవర్ (దీర్ఘదృష్టి) ఎక్కువున్న పిల్లలు దూరం చూడ్డానికీ ఫోకస్ పెంచుకోవాల్సిందే. కండరం బాగానే ఉంటుంది, అందే ఆజ్ఞే ఎక్కువ. అద్దాలు ఆ ఫోకస్ పని తీసుకుంటే లాగుడు తగ్గుతుంది. పొద్దున్నే అద్దాల్లేకుండా టీవీ ముందు కూర్చుంటే మావాడి కన్ను లోపలికే ఉంటుంది. పెట్టగానే మెల్లిగా మధ్యకొస్తుంది. అయితే కంటి ఫోకస్‌ను కాసేపు ఆపే డ్రాప్స్ వేసి పరీక్షిస్తేనే పవర్ పూర్తిగా బయటపడుతుంది. లేకపోతే పిల్లలు ఫోకస్‌తో దాచేస్తారు. డ్రాప్స్ వేయకుండా ఆపరేషన్ మాటెత్తితే నేనైతే ఇంకో డాక్టర్‌కి చూపిస్తాను.

పుట్టిన కొద్ది నెలల్లోనే వచ్చిన మెల్లకూ, అద్దాలు పెట్టినా మిగిలిపోయిన మెల్లకూ ఆపరేషనే దారి. లోపలి కండరం నల్లగుడ్డు అంచుకు సుమారు 5.5 మిల్లీమీటర్ల దూరంలో అతుక్కుని ఉంటుంది. దాన్ని విప్పి కాస్త వెనక్కి కుడితే పట్టు సడలుతుంది. కన్ను బయటికి తీస్తారన్నది ఒట్టి మాట. కానీ అద్దాలతో సరిపోయే కంటికి కోత పెడితే తర్వాత అది బయటికి తిరగొచ్చు. ప్లస్ పవర్ మాత్రం అలాగే ఉంటుంది.

ప్యాచ్, అంటే బాగున్న కన్నును మూసే పట్టీ, మెల్లను సరిచేయదు, రెండో కంట్లో మందగించిన చూపు కోసమే. చూపు మధ్యస్థంగా మందగిస్తే ప్యాచ్ రోజుకు 2 గంటలు కట్టినా 6 గంటలు కట్టినా ఫలితం దాదాపు ఒకటేనని 2003లో అమెరికాలో తేల్చారు. మాకు రెండు గంటలే, అదీ కార్టూన్ల టైములో.

పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెస్తూ చూసే వ్యాయామం కళ్లు లోపలికి సరిగా రానివాళ్లకు. మావాడివి అవసరానికి మించే వస్తున్నాయి! కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్‌ను ముడతల కన్నా ముందు మెల్లకన్నుకే వాడారు గానీ, మందు ప్రభావం కొన్ని నెలలే.

ఉన్నట్టుండి వచ్చిన మెల్లకూ, కంటిపాప తెల్లగా మెరవడానికీ ఈ బేరీజు పనికిరాదు. వెంటనే చూపించాలి.

మాకిప్పుడు మిగిలిన గొడవ ఫ్రేమ్‌తోనే. మూడు నెలల్లో రెండుసార్లు విరగ్గొట్టాడు.