గెంతని బంతి కావాలంటే ఇది తీసుకోవచ్చు

రోమ్‌లో ఆఫీసు వాళ్లతో కాల్చెత్తో (ఇటలీలో జట్టుకు అయిదుగురు ఆడే చిన్న ఫుట్‌బాల్) ఆడటానికి కొన్న నాలుగో నంబర్ సైజు ఫుట్‌సాల్ (హాల్లో ఆడే ఫుట్‌బాల్) బంతి ఇది. మామూలు ఫుట్‌బాల్ కంటే చిన్నది, కానీ చేతిలోకి తీసుకుంటే బరువుగానే ఉంటుంది. రూల్ ప్రకారం 400 నుంచి 440 గ్రాములు ఉండాలి. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటిసారి 65 సెంటీమీటర్లు దాటి లేవకూడదు. గోడ పక్కన టేపు పట్టుకుని చూశాను, దాటలేదు.

అసలు మజా అరికాలి కింద తెలుస్తుంది. గట్టి పాస్ వచ్చినా బూటు అడుగుతో నొక్కితే అక్కడికక్కడే ఆగుతుంది, మళ్లీ వెనక్కి లాగి పక్కకు తిప్పేయొచ్చు. బ్రెజిల్‌లో పుట్టి ఇటలీకి ఫుట్‌సాల్ ఆడిన అడ్రియానో ఫోల్యా పాత వీడియోలు చూసి నాకు ఈ పిచ్చి పట్టింది. 2003లో ఇటలీలోని కసెర్తాలో ఉక్రెయిన్‌ను 1-0తో ఓడించి ఇటలీ తొలిసారి ఫుట్‌సాల్‌లో యూరప్ ఛాంపియన్ అయింది, ఆ జట్టులో ఆయన ఉన్నారు. బంతి కొన్నంత మాత్రాన ఆ కాళ్లు రావు లెండి!

సింథటిక్ గడ్డి మీద మాత్రం దండగ. ఈడ్చుకుంటూ పోతుంది, పాస్ సగంలోనే చచ్చిపోతుంది. పైగా నాకొచ్చిన బంతికి వాల్వ్ దగ్గర గాలి కారుతోంది. అమ్మినవాళ్లను అడిగితే "వాడేశారు కదా" అన్నారు. వాడకుండా ఎలా తెలుస్తుందండీ? గోల్‌కీపర్ ఉంటే గ్లవ్స్ కూడా కొనండి, దగ్గర నుంచి కొట్టిన షాట్‌కు అరచేతులు మండిపోతాయి. చెక్క ఫ్లోరున్న హాల్ దొరికితే అయిదుకు నాలుగు, లేదంటే రెండే.